సైకిలు డిరైలరు: దోషము మరదా, అమరికదా?

పాత సైకిలుకు గేర్లు అమర్చుట నేర్పు కరపత్రములు పెక్కు రెండు మరల వర్ణనతో ఆరంభమై వానితోనే ముగియును. గొలుసు సరిగా దాటనిచో మరను త్రిప్పుడనుట వాని సారాంశము. ఈ బోధ అసంపూర్ణమే కాదు, ప్రమాదకరము కూడ.

డిరైలరనగా ఫ్రెంచి భాషలో పట్టాలు తప్పించునది. గొలుసును ఒక పళ్లచక్రమునుండి తప్పించి ప్రక్కదానిపై వేయుటయే దీని పని. దీని దేహము సమాంతర చతుర్భుజము. ఎదురెదురు భుజములు సమాంతరముగనే యుండుటచే గొలుసును నడుపు చిన్న కప్పీ ఒరగకుండ ప్రక్కకు జరుగును. సుద్దముక్కతో ఆ బొమ్మను గీయు ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఇక ఆ రెండు మరలు హద్దురాళ్ల వంటివి. యంత్రము ఇరువైపుల ఎంతవరకు పోవచ్చునో అవి నిర్ణయించును, అంతే. హద్దురాయి జరిపినంతనే పైరు బాగుపడునా? నడిమి పళ్లచక్రములపై గొలుసు తడబడినచో కారణమును తీగెలోనో, యంత్రము వ్రేలాడు కొక్కెములోనో వెదకవలెను. తెలియక లోపలి హద్దును వదులు చేసినచో గొలుసు చువ్వలలో పడి యంత్రమునే లోనికి లాగును. వెనుక చక్రము బిగిసిపోవును, పిల్లవాడు పడును.

అట్లని గేర్లు వ్యర్థములు కావు. నరసరావుపేటనుండి కోటప్పకొండకు పోవు విద్యార్థికి చదునునేలపై ముందు 44, వెనుక 18 పళ్లు చాలును. 28 అంగుళముల చక్రమైనచో పెడలు చుట్టునకు సుమారు 5.5 మీటర్లు సాగును. ఘాటురోడ్డుపై వెనుక 28 పళ్లున్నచో 3.5 మీటర్లే సాగును గాని, కాలికి వలసిన బలము ఆ నిష్పత్తిలోనే తగ్గును.

అయితే ఒంటిగేరు సైకిలు దీనికై పుట్టినది కాదు. దాని గొలుసు లోపలి వెడల్పు అంగుళములో 1/8, గేర్ల గొలుసుది 3/32. ముందు పళ్లచక్రమును మార్చనిచో దాని మందపు పళ్లు క్రొత్త గొలుసులో దూరవు. ఈ మాట చెప్పని కరపత్రము డబ్బు దండుగ చేయించును. పలు పాత సైకిళ్లలో యంత్రమును తగిలించుటకు చోటే లేదు. ఇరుసు నట్టుక్రింద కొక్కెపు పలక బిగింపవలెను. ఆ పలక చక్రమునకు సమాంతరముగ నున్నదా యనునదియే మొదటి పరీక్ష. బండి కుడివైపు ఒక్కసారి పడినను అది లోనికి వంగును. పిదప తీగె తగిలింపక మునుపే యంత్రమును చేతితో లోనికి నెట్టి, పెద్ద పళ్లచక్రమును దాటకుండ హద్దు బిగింపవలెను. తీగె వంతు ఆ తరువాతనే.

1964లో జపానులోని సన్‌టూర్ వారు ఈ చతుర్భుజమును ఏటవాలుగా నిలిపిరి. అందుచే కప్పీ ప్రతి పళ్లచక్రమునకు దగ్గరగానే మెలగును. ఇది నిజమైన మెరుగుదల. 1980ల నడుమ వ్యాపించిన మెట్ల మీటను మాత్రము పాత బండికి అంతగా పొగడరాదు. పిడుగురాళ్ల సున్నపు దుమ్ములో తీగె బిగిసినప్పుడు అది మొండికేయును. మెట్లులేని పాత మీటయైనచో చేయి మరికొంత లాగి సరిపుచ్చుకొనును.