పురుగుకి చల్లగా, నేతగాడికి?

మదనపల్లె నీరుగట్టువారిపల్లెకి పట్టుచీర కోసం వెళ్లిన ఆడవాళ్లు ముందు ధర అడగరు. కొంగు అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూస్తారు. బిరుసా, మెత్తనా, జారుతుందా, కుచ్చిళ్లు నిలబడతాయా అన్నది అక్కడే తేలిపోతుంది. ఈ పనికే క్యోటో విశ్వవిద్యాలయంలో సుయెవో కవబాతా అనే ఆచార్యుడు 1970ల్లో యంత్రాలు తయారుచేశాడు. బట్టను లాగి, వంచి, నొక్కి, రుద్ది అంకెలు రాబట్టాడు. మా అమ్మయితే దీనికింత హంగామానా అనేది.

అంకెలు దండగని కాదు. పట్టు గాలిలోంచి తన బరువులో సుమారు 11 శాతం తేమ పీల్చుకుంటుంది, నూలు ఎనిమిదిన్నర దాకా, పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. పెళ్లిపందిట్లో ఉక్కపోతకి పాలిస్టర్ చీర ఒంటికి అతుక్కుపోయేది అందుకే. జరీ దట్టించిన చీరలో చల్లదనం వెతక్కండి, అది వేరే సంగతి.

అసలు సుఖం లెక్కలు పట్టుపురుగు దగ్గరే మొదలవుతాయి. మా కుప్పం వైపు మల్బరీ రైతు షెడ్డులోకి వెళితే గోడకి థర్మామీటరు కనిపిస్తుంది. పెద్ద పురుగులకి వేడి 24, 25 డిగ్రీలు దాటకూడదు, గాలిలో తేమ 70 శాతం దరిదాపుల్లో ఉండాలి. ఎండాకాలం కిటికీలకి తడి గోనెపట్టాలు కడతారు, అవి ఆరిపోకముందే మళ్లీ నీళ్లు చల్లుతారు. గాలి ఆడకపోయినా, తడి ఆకు వేసినా పురుగుకి జబ్బు, రైతుకి అప్పు.

మనిషి వంతు వచ్చేసరికి ఈ శ్రద్ధ సన్నగిల్లుతుంది. గూళ్ల నుంచి దారం తీసే రీలింగ్ పనివాళ్ల వేళ్లు రోజంతా వేడినీళ్లలో నానుతుంటాయి. గుంత మగ్గంలో కూర్చున్నవాడు చీరలో డిజైను తీసే జకార్డు లేపడానికి పొద్దస్తమానం తొక్కుతూనే ఉండాలి. బట్టల పరిశోధన అనగానే నాకు చింతకింది మల్లేశం గుర్తొచ్చేది ఇందుకే. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, ఒక్కో చీరకి చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మి భుజంనొప్పి చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ కొడుకు 1999లో ఆసు యంత్రం చేసి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

జకార్డు లేపడానికి చిన్న మోటారు బిగించిన మగ్గాలూ ఇప్పుడు వచ్చాయి. అలాంటి మగ్గం మీద నేసే ఆయన్ని ఎలా ఉందని అడిగాను.

"మోకాలు నొప్పి తగ్గింది సార్. కరెంటు పోతే మాత్రం మళ్లీ తొక్కుడే."