రేలా: రికార్డుకు ఎక్కినది, పుస్తకంలో రాలిపోయినది

“బస్తర్ బ్యాండ్” అన్న పేరు వినగానే, గిటారులు భుజాన వేసుకొని తొలి ఆల్బం కోసం మహానగరానికి బయలుదేరిన యువకుల బృందం మనసులో మెదులుతుంది. పేరు ఆ తరహాదే అయినా సరుకు వేరు. హబీబ్ తన్వీర్ నడిపిన నయా థియేటర్‌లో నటుడుగా పనిచేసిన అనూప్ రంజన్ పాండే బస్తరు పల్లెలు తిరిగి, వాడుక తప్పుతున్న వాద్యాలను సేకరించి, వాటిని వాయించగల వేర్వేరు తెగలవారిని ఒకచోట చేర్చి ఈ బృందాన్ని తీర్చినారు. 2019లో వారికి పద్మశ్రీ లభించింది. మాందరి, మోహరి, తుడ్‌బుడి, గాలిలో త్రిప్పితే పలికే వెదురు పిల్లనగ్రోవి - ఇవన్నీ ఒకే వేదికమీద మ్రోగుతూంటే నగర శ్రోతలు ముగ్ధులు కావడంలో వింత లేదు. కాని నాదాన్ని మెచ్చుకొన్నంతలో విమర్శ పని తీరదు. ఆ పాటలలోని మాట ఏమైనదన్న ప్రశ్న అలాగే మిగిలి ఉన్నది.

పల్లెలో ఈ వాద్యాలు ఒకచోట చేరవు. ప్రతిదానికీ ఒక వేళ, ఒక చోటు, ఒక పని ఉన్నవి. మురియాల ఘోటుల్‌లో చేలిక్‌లనబడే యువకులు మెడకు డోళ్ళు తగిలించుకొని వలయంగా తిరుగుతారు. మొటియారీలనబడే యువతులు చేతులు పెనవేసుకొని పాడుతారు. వారి ముఖాలు వలయంలోనికి ఉంటవి. బయట నిలిచినవానికి కనిపించేది వీపులే. ఒక వరుస అడిగిన పాటకు రెండవ వరుస బదులు చెప్పాలి. పాడేవారే వినేవారు. వేదిక ఎక్కగానే ఈ వలయం విచ్చి అర్ధచంద్రాకారమవుతుంది; ముఖాలు మనవైపు తిరుగుతవి. మైకు ముందుకు వచ్చేసరికి ఎదుటివరుస అవసరమే ఉండదు. అడిగిన మాటకు బదులు చెప్పేవారు లేనప్పుడు ఆ మాటకు మిగిలేది ధ్వని మాత్రమే. ఇందుకు పాండేగారిని తప్పుపట్టడం అన్యాయం. వారు లేకుంటే కొన్ని వాద్యాలు అటకలమీదనే చెదలు పట్టి ఉండేవి.

ధనకుల్ సంగతి చూడండి. కుండమూతిమీద చేట బోర్లించి, చేటమీద వింటి కొనను ఆనించి, వింటికర్రకు కోసిన గాట్లమీద వెదురుపుల్లతో గీరుతూ, నారి లాగుతూ గురుమాయిలు లక్ష్మీజగార్ పాడుతారు. ధాన్యలక్ష్మి కథ అది, భాష హల్బీ. గానం దినాల తరబడి సాగుతుంది. వడ్లు దాచే కుండ, వడ్లు చెరిగే చేట వాద్యంగా మారి వరిదేవత కథను పలుకుతున్నవన్నమాట. వాద్యంలోనే కావ్యవస్తువు ఇమిడి ఉన్నది. అయిదు నిమిషాల ఆల్బం పాటలో ధనకుల్ చేరితే వినవచ్చేది ఆ గరగర ఒక్కటే, అదీ తాళానికి అలంకారంగా. లక్ష్మి ఎవరింటికి వచ్చిందో, ఎందుకు అలిగిందో శ్రోతకు తెలియదు. కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్, మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీతో కలిసి, సుక్‌దాయి అనే గురుమాయి పాడిన జగార్‌ను 2003లో గ్రంథరూపానికి తెచ్చినారు. పాడిన మనిషి పేరును పుస్తకం పేరులోనే నిలిపిన ఆ మర్యాద గమనింపదగినది. 2021లో వైష్ణవ్ కన్నుమూసినారు. బస్తరు వాఙ్మయానికి వారు చేసిన సేవ తెలుగు పత్రికలలో రావలసినంతగా రాలేదు.

పుస్తకం వల్ల కలిగే నష్టం మరొక రకానిది. వెరియర్ ఎల్విన్ 1947లో ప్రకటించిన మురియా ఘోటుల్ గ్రంథంలోని పాటలు ఇంగ్లీషులో చక్కని ఖండికలుగా చదువుకోవచ్చును. ఆ చక్కదనమే అనుమానించదగినది. ఈ పాటలలో “రేలా”, “రేలో” అన్న పల్లవి మాటిమాటికి తిరిగి వస్తుంది. పాటలో ఎక్కువ కాలం నడిచేది అదే. ఆ మాటకు అర్థం లేదుగదా అని అనువాదకులు దానిని ఒకమారు చూపి విడిచిపెడతారు. కాని పాడేవారు తరువాతి చరణం కట్టుకొనేది ఆ పల్లవి నీడలోనే. ఎదుటి వరుస బదులు వెదకుకొనేదీ ఆ వ్యవధిలోనే. ఆకాశవాణి ప్రారంభనాదాన్ని కూర్చిన వాల్టర్ కౌఫ్‌మన్ ఇదే బస్తరు పాటలపై, వాద్యాలపై 1960, 1961 సంవత్సరాలలో రెండు వ్యాసాలు ప్రకటించినారు. ఆయన చూపు స్వరంమీద, తాళంమీద. ఎల్విన్ చూపు భావంమీద. ఇద్దరి శ్రమా గొప్పదే. పాట మాత్రం ఇద్దరి మధ్య రెండుగా చీలింది. నేటి రికార్డింగు రేలాను పూర్తిగా నిలుపుతున్నది, చరణాన్ని పోగొడుతున్నది. అచ్చు చరణాన్ని నిలిపి రేలాను రాల్చింది.

ఈ మాట తెలుగువారికి పరాయిది కాదు. కోయల రేలపాటలు గోదావరి ఏజెన్సీలో అందరూ విన్నవే. 2010కి అటూ ఇటూ మా టీవీలో “రేలా రే రేలా” అన్న జానపద కార్యక్రమం ఇంటింటా మ్రోగింది. మన అడవులలో పసుపుపచ్చగా పూసే చెట్టు పేరు కూడా రేల కావడంతో ఆ రెండింటినీ ముడివేయడానికి కొందరు తొందరపడతారు. ధ్వని కలిసినంత మాత్రాన వ్యుత్పత్తి కుదరదు. బిరుదురాజు రామరాజుగారి “తెలుగు జానపద గేయ సాహిత్యము” 1958లో వెలువడిన పిమ్మట మన జానపదానికి శాస్త్రమర్యాద లభించింది. ఆ శ్రద్ధ శబరి దాటి కోంటా ప్రాంతపు దోర్లాల దాకా చాలినంతగా పోలేదు. దోర్లీ కోయకు దగ్గరి భాష, తెలుగు పలుకుబడి బాగా సోకినది. బస్తరు అనగానే మనవారికి ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గుర్తుకు వస్తాడు. రాజు కథ తెలిసినంతగా రచ్చబండ పాట తెలియకపోవడం మనకు పాత అలవాటే.

నగరంలో తొలి ఆల్బం అన్నది ఎంతటివారికైనా పరీక్షే. ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ రాక్ బృందం తొలి ఆల్బం రికార్డు చేయడానికి 1992లో కలకత్తా వెళ్ళింది, హెచ్.ఎం.వి. 1993లో దానిని విడుదల చేసింది. వారి రెండవ ఆల్బం “డెజర్ట్ రెయిన్” 1997లో ఢిల్లీ సభలో జరిగిన కచేరీ నుండి నేరుగా తీసినది. రెండూ ప్రక్కప్రక్కన వింటే సభలో పుట్టినదానికే ఊపిరి ఎక్కువ. 2000లో వచ్చిన “కాందీసా”లో నర్మదాతీరపు జానపదగీతం “మా రేవా” ఉన్నది. ఆల్బం పేరుగల పాట ప్రాచీన సిరియాక్ ప్రార్థన. అర్థం తెలియకుండానే వేలమంది ఆ పాటను పాడుకొన్నారు. అర్థం లేకపోయినా పాట బ్రతుకుతుందనడానికి దీనిని సాక్ష్యంగా చూపవచ్చును. అయితే ఆ ప్రార్థనకు కేరళ చర్చిలలో అర్థం తెలిసి పాడేవారున్నారు. ఘోటుళ్ళు ఒకటొకటిగా మూతపడుతున్న బస్తరులో అట్టి ధీమా లేదు. గోండీకి రాజ్యాంగపు ఎనిమిదవ అనుబంధంలో చోటు నేటికీ లేదు.

రేపు బస్తరు యువకులు కొందరు రాయ్‌పూర్‌కో బొంబాయికో తొలి ఆల్బం కోసం వెళితే, స్టూడియోలో వారికి దొరికే సలహాలన్నీ తాళం గురించీ నిడివి గురించీ ఉంటవి. పాట పూర్తి పాఠం, పాడినవారి పేరు, ఏ పండుగకు ఏ వరుస ఎవరిని అడిగిన పాటో చెప్పే నాలుగు మాటలు, రేలా ఎన్నిమార్లు వస్తే అన్నిమార్లూ విడువకుండా వ్రాసిన అనువాదం - ఇవి ఆల్బంతోపాటు వెలువడాలని అడిగేవారు అక్కడ ఉండరు. అడగవలసినవారు రచయితలు. దోర్లీ పాటలవరకు ఆ పని శబరికి ఈవలి ఒడ్డున ఉన్న తెలుగు అనువాదకులు ఇప్పుడే మొదలుపెట్టవచ్చును. ఆ పాటలలో కొన్ని మాటలు వారి చెవికి ముందే తెలిసినవి.