పల్లె కొలతలకు కుట్టిన చికిత్స

మనసు కుంగినవాళ్లను నలుగురిలో కూర్చోబెట్టి నయం చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరి కథ ఒకరు వినే ఆల్కహాలిక్స్ అనానిమస్ ఒకటి, బాధను నాటకంగా ఆడించే మొరెనో సైకోడ్రామా మరొకటి. పనితనం చూడాలంటే మాత్రం నేను ఉగాండా నైరుతి ప్రాంతానికే వెళ్తాను. 2002లో మసాకా, రకాయి జిల్లాల్లోని 30 పల్లెల్లో జరిగిన ప్రయోగం అది.

ఎయిడ్స్ ఎన్నో కుటుంబాలను కూల్చిన నేల. డిప్రెషన్‌కు మందులు కొనే స్తోమత అక్కడివాళ్లకు లేదు. అమెరికాలో క్లెర్మన్, వైస్‌మన్ రూపొందించిన ఇంటర్‌పర్సనల్ థెరపీని పాల్ బోల్టన్, వెర్డెలి తదితరులు అక్కడికి తీసుకెళ్లారు. తీసుకెళ్లి ఉన్నదున్నట్టు అప్పజెప్పలేదు, అదీ నాకు నచ్చింది. ఆ చికిత్స పట్టించుకునే సమస్యలు నాలుగు: ఆప్తుల మరణం, తగాదాలు, బతుకులో పెద్ద మార్పులు, ఒంటరితనం. అందరూ కలిసిమెలిసి బతికే పల్లెల్లో నాలుగోదానితో పనిలేదని తీసేశారు. పోయినవాళ్లను చెడుగా మాట్లాడటం అక్కడ తప్పు. అందుకని ‘ఆయనలో నీకు నచ్చనిదేమిటి’ అన్న ధోరణి మానేసి, ఆయనతో గడిపిన రోజుల్లో మనసు చిన్నబుచ్చుకున్న సందర్భాలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఎంత సున్నితమైన మార్పు! దుఃఖంలో కోపం కూడా కలిసి ఉంటుందని తెలిసినవాళ్లకే అలా అడగాలని తోస్తుంది.

ఆడవాళ్లకు ఆడవాళ్ల బృందం, మగవాళ్లకు మగవాళ్ల బృందం. బృందాన్ని నడిపేది డాక్టరు కాదు, రెండు వారాల శిక్షణ పొందిన స్థానికులు. వారానికోసారి, గంటన్నర చొప్పున, 16 వారాలు. ఈ వారం ఎలా గడిచిందని ఒక్కొక్కరినీ అడుగుతారు. మనసు బాగా కుంగిన రోజేది, ఆ రోజు ఏం జరిగింది? చికిత్సంతా ఈ రెండు ప్రశ్నల ముడిలోనే ఉంది. ఊరికే దిగులుగా ఉందన్న మనిషికి, మరిదితో పొలం గొడవ జరిగిన రోజే కుంగిపోయానని అర్థమైతే, ఇక చేయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఏం చేయొచ్చో చెప్పేది కూడా తోటివాళ్లే. అవసరమైతే ఆ మాటలు ఎలా అనాలో అక్కడే అనిపించి చూస్తారు.

చికిత్సకు ముందు ఈ బృందాల్లో 86 శాతం మందికి డిప్రెషన్ ఉంది. తర్వాత అది 6.5 శాతానికి దిగింది. పోలిక కోసం చికిత్స ఇవ్వకుండా ఉంచిన ఊళ్లలోనూ అది 94 నుంచి 54.7 శాతానికి తగ్గిందన్నది మరవకూడదు. కాలం కొంత మాన్పుతుంది. అది మాన్పలేనిదాన్ని ఈ పదహారు వారాలు చాలావరకు మాన్పాయి. ఈ పద్ధతినే ఎనిమిది వారాలకు కుదించి 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కరదీపికగా వెలువరించింది.