ఆనవాలు మిగలని పనితనం

సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్ అమీర్‌పేటలోని మైత్రీవనం దగ్గర తలెత్తి చూస్తే గాలిపటాలూ గద్దలూ ఒకే ఆకాశంలో తిరుగుతుంటాయి. గద్దలు గూళ్లు పెట్టేదీ ఆ రోజుల్లోనే. ఎత్తైన చెట్టో సెల్ టవరో చూసుకుని పుల్లలు, గుడ్డపీలికలు, తీగముక్కలు పేర్చుకుంటాయి. గాలిపటాలకు కట్టే నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దేశమంతటా నిషేధించింది. అయినా పండగ వెళ్లాక కూడా కొమ్మల్లో, కరెంటు తీగల మీద దారం వేలాడుతూనే ఉంటుంది. అది తల్లి రెక్కను కోసినా, తండ్రి రెక్కను కోసినా గూట్లోని పిల్ల ఆకలికి గురవుతుంది. అలాంటి పిల్లను చేతులతో పెంచి మళ్లీ గాల్లోకి పంపడమంటే జాలి ఒక్కటే చాలదు. అది నేర్చుకుని చేయాల్సిన పని.

ఇంట్లో సరదాగా చేసే పని కూడా కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గద్దనైనా, రామచిలుకనైనా పెంచుకోకూడదు. దొరికిన పిల్లను అటవీశాఖకో, పశువైద్యులున్న సంస్థకో అప్పగించాలి. అలాంటి సంస్థే జూబ్లీహిల్స్‌లో అమల అక్కినేని 1992లో స్థాపించిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్.

ఈ పనిలో మొదటి నేర్పు పిల్లను ఎత్తుకోకపోవడమే. ఒంటినిండా ఈకలొచ్చి, తోక ఇంకా పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతున్న పిల్ల తప్పిపోయినట్టు కాదు, ఎగరడం నేర్చుకుంటున్నట్టు. తల్లి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. కుక్కలకు, బండ్లకు దూరంగా ఓ కొమ్మ మీద పెట్టి పక్కకు తప్పుకుంటే చాలు. మనిషి ముట్టుకున్న పిల్లను తల్లి వదిలేస్తుందన్నది వట్టి అపోహ. గూడు కూలితే బుట్ట కట్టి అందులో పెట్టినా తల్లిదండ్రులు వచ్చి మేపుతాయి. నిజంగా దిక్కులేనిదని తేలిన తర్వాతే చేతుల్లోకి తీసుకోవాలి.

తీసుకున్నాక ముందు వెచ్చదనం, ఆ తర్వాతే తిండి. చల్లబడిన ఒంటికి అరిగించుకునే శక్తి ఉండదు. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన కుదురుకున్నాకే మొదటి ముక్క. నోట్లో నీళ్లు పోయకూడదు. పక్షికి ఊపిరి గొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది కాబట్టి, ప్రేమతో పోసిన నాలుగు చుక్కలు నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పాలు అసలే వద్దు. పక్షి పాలు తాగి పెరిగే జీవి కాదు, వాటిని అరిగించుకోలేదు.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది మేత పెట్టే తీరు. గద్దపిల్లకు మెత్తటి మాంసం మాత్రమే పెడితే కాళ్లు వంకర్లు పోతాయి. గూట్లో తల్లి ఎముకతో సహా పెడుతుంది, ఇక్కడా ఎముక నలగ్గొట్టి కలపాలి, లేదా కాల్షియం చల్లాలి. ఆకలి ఎంత తీరిందో పిల్ల అరుపులను బట్టి చెప్పలేం. గొంతు కింద మేత సంచి ఎంత ఉబ్బిందో చూసి ఆపాలి. అది ఖాళీ అయ్యేదాకా మళ్లీ పెట్టకూడదు.

ఈ శ్రద్ధంతా ఈక మీద నమోదవుతుంది. ఎదిగిన ఈకను వెలుతురుకు పట్టి చూస్తే అడ్డంగా సన్నటి చారలు కనిపిస్తాయి, దాదాపు రోజుకొకటి. పిల్ల ఆకలితోనో భయంతోనో గడిపిన రోజు ఉంటే అక్కడ చార పారదర్శకంగా, బలహీనంగా ఉంటుంది. ఈక అంటే పెంచినవాళ్ల హాజరుపట్టీ. ఒక్క పూట ఏమరుపాటు వారాల తర్వాత, గాల్లో, సరిగ్గా ఆ గీత దగ్గర ఈక విరిగినప్పుడు బయటపడుతుంది.

అలా విరిగినా దారి ఉంది. డేగలను సాకిన వేటగాళ్ల నుంచి వచ్చిన పాత విద్య ఇది. అదే జాతి పక్షి రాల్చిన ఈకల్లోంచి అదే రెక్కకు, అదే వరుసలో సరిపోయేది వెతుకుతారు. విరిగిన ఈక మొదలు బోలుగా ఉంటుంది. రెండు కొసలూ చెక్కిన వెదురు పుల్లను సగం ఆ బోలులోకి, సగం కొత్త ఈకలోకి దించి, బొట్టు జిగురుతో అతుకుతారు. పక్క ఈకలకు జిగురు అంటకుండా కింద కాగితం ముక్క పెడతారు. అవతలి రెక్కతో పొడవు సరిచూస్తారు. వాలు కాస్త తప్పినా ఆ ఈక గాలికి ఎదురుతిరుగుతుంది. మరుసటిసారి ఈకలు మారేటప్పుడు అతుకు కూడా రాలిపోయి సొంత ఈక వస్తుంది. ఇంత సున్నితమైన మరమ్మతు మరో పనిలో నాకు కనబడలేదు.

ఇంతచేసీ పెంచినవాళ్లు పిల్లకు పరిచయం కాకూడదు. పసితనంలో ఎదుట కదిలిన ప్రాణినే తమదిగా ముద్రించుకునే గుణాన్ని బాతుల్లో లోతుగా పరిశీలించిన కోన్రాడ్ లోరెంజ్ 1973లో నోబెల్ పంచుకున్నారు. మనిషిని అలా ముద్రించుకున్న గద్దకు జత కుదరడం కష్టం, మనిషంటే భయమూ పోతుంది. అందుకే ముఖానికి గుడ్డ కట్టుకుని, పటకారుతో, మాట్లాడకుండా మేపుతారు. 1983లో శాన్‌డియాగో జూలో కాలిఫోర్నియా కాండర్ పిల్లకు కాండర్ తల ఆకారంలో ఉన్న తొడుగుతో తినిపించారు. అదీ పూర్తిగా చాలలేదు. పెద్ద పక్షుల సావాసంలో పెరిగిన పిల్లలే మేలని తర్వాత తేలింది. గద్దపిల్లలను కూడా వీలైనంతవరకు రెండు మూడింటిని కలిపే ఉంచుతారు. ఢిల్లీలో గద్దలకు వైద్యం చేసే అన్నదమ్ముల మీద శౌనక్ సేన్ తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్' (2022) చూసినవాళ్లకు ఈ చేతుల ఓపిక తెలిసే ఉంటుంది.

పిల్ల ఎగరడం సాధన చేసే గదికి కోళ్ల జాలీ వాడరు, తోక ఈకలు చిక్కి విరుగుతాయి. నిలువు కర్రలు గానీ మెత్తటి వల గానీ కడతారు. వదిలేది పొద్దెక్కాక, కాంక్రీటు వేడెక్కి గాలి పైకి లేచే వేళ, తలపైన మరికొన్ని గద్దలు తిరుగుతున్నచోట. హుస్సేన్‌సాగర్ వైపు అలాంటి ఆకాశానికి కొదవ లేదు. తలుపు తీశాక మేడ మీద బల్లపై మేత మాత్రం రోజూ పెడతారు. సొంత తల్లిదండ్రులు కూడా ఎగిరిన పిల్లను కొన్ని వారాలు మేపుతాయి మరి. పిల్ల రావడం మానేసినా బల్ల వెంటనే తీయరు. ముసురు పట్టిన రోజుల్లో వేడిగాలి లేవదు, తిండి వెతుక్కోవడం కష్టం. ఆకలేసిన పిల్ల మళ్లీ వచ్చి వాలొచ్చు.