ఆరు ప్రతులు

హైటెక్ సిటీ ఆఫీసుల్లో కాఫీ మెషీన్ పక్క గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు. కప్పు నిండేదాకా దాని ముందే నిలబడతాం కానీ చదవం. అది గోడ మీద ఉండాలన్నదీ చట్టం మాటే. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టాన్ని, దాని నిబంధనలను పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఫిర్యాదు ఎలా నీరుగారిపోతుందో బాగా ఎరిగినవాళ్లే రాశారనిపిస్తుంది.

ఫిర్యాదును ఆరు ప్రతులు ఇవ్వాలి. చూడ్డానికి గుమాస్తా చాదస్తం. కానీ అందులో ఒకటి 7 పనిదినాల్లో అవతలి మనిషికి చేరాలి, అతను 10 పనిదినాల్లో జవాబివ్వాలి. కాగితం ఇన్ని చేతుల్లో పడ్డాక ఫైలు కనబడటం లేదంటే కుదరదు. విచారణకు గడువు 90 రోజులు. రాసుకోలేని మనిషికి రాయడంలో కమిటీయే సాయపడాలి. విచారణ నడిచేటప్పుడు ఫిర్యాదు చేసినామె రాసిచ్చి అడిగితే, తన సెలవులు తరగకుండా మూడు నెలల దాకా సెలవు ఇప్పించవచ్చు. లాయర్లను రానివ్వరు.

నన్ను బాగా కట్టిపడేసింది ‘పని ప్రదేశం’ నిర్వచనం. ఉద్యోగం పని మీద వెళ్లడానికి యజమాని పెట్టిన బండి కూడా అందులోకే వస్తుంది. రాత్రి రెండింటికి గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కిన డ్యూటీ క్యాబ్ చట్టానికి ఆఫీసు కిందే లెక్క. షిఫ్టుల మీద బతికే ఈ ప్రాంతానికి కొలత తీసి కుట్టినట్టుంది. సాక్ష్యమూ ఆ బండిలోనే దొరుకుతుంది: ఎవరు ఎక్కడ ఎక్కారు, చివర ఎవరు దిగారు, ఎన్నింటికి. పని తెలిసిన ప్రిసైడింగ్ ఆఫీసర్, అంటే కమిటీ అధ్యక్షురాలు, ‘ఆయన అలాంటివాడేనా’ అని పదిమందిని వాకబు చేయదు. ముందు ఆ రాత్రి ట్రిప్ షీట్ తెప్పించుకుంటుంది. ఒకవేళ ఆరోపణ రుజువు కాకపోయినా, అంతమాత్రాన ఫిర్యాదు చేసినామెను శిక్షించకూడదని చట్టం విడిగా చెప్పింది. ఆ ఒక్క వాక్యం లేకపోతే మిగతా పనితనమంతా దండగే.

కుట్టు వదులైన చోట్లూ ఉన్నాయి. కమిటీలో స్వచ్ఛంద సంస్థ నుంచి వచ్చే బయటి సభ్యులను ఎంచుకునేది కంపెనీయే. నిబంధనల్లో వాళ్లకు రాసిన భత్యం ప్రయాణ ఖర్చు కాక రోజుకు 200 రూపాయలు. మైండ్‌స్పేస్‌లో భోజనానికి సరిపోతే గొప్పే!

పదిమందికన్నా తక్కువ ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండదు. మాదాపూర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని తొమ్మిదిమంది నడుపుకునే స్టార్టప్‌లో ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి పోవాలి. రంగారెడ్డి కలెక్టరేటేమో ఊరికి ఆ కొసన, కొంగరకలాన్‌లో. ఈ దూరం కూడా చట్టం ముందే ఊహించింది. పట్టణాల్లో వార్డుకో మున్సిపాలిటీకో ఒక నోడల్ అధికారి ఉండి, ఫిర్యాదు తీసుకుని 7 రోజుల్లో కమిటీకి పంపాలంది. ఆ అధికారి ఎక్కడ కూర్చుంటారో మాదాపూర్‌లో నలుగురిని అడిగి చూడండి.