రెండేళ్ల కార్డుతో సంక్రాంతికి

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో భోజనానికి కూర్చుంటే, పప్పు వడ్డించేలోపే వీసా మాట వస్తుంది. ప్రతి బాబాయికీ ఒక ఐ-140 కథ ఉంటుంది, ప్రతి పిన్నికీ ఒక స్టాంపింగ్ కథ ఉంటుంది. ఎవరి ప్రయారిటీ డేట్ ఎప్పుడో ఎదుటివాళ్లు కూడా చెప్పేస్తారు. అంత పాండిత్యమూ ఒక్కచోట మాత్రం పనికిరాదు. అది పెళ్లి మీద వచ్చిన రెండేళ్ల గ్రీన్ కార్డు.

కారణం ఉంది. మనవాళ్లలో ఎక్కువమందికి గ్రీన్ కార్డు ఉద్యోగం మీద వచ్చింది. వాళ్లకూ, వాళ్లతో వచ్చిన భార్యలకూ నేరుగా పదేళ్ల కార్డే. సిటిజన్‌ని చేసుకుని వచ్చిన అమ్మాయి దారి వేరు. ఆమెకు పర్మనెంట్ రెసిడెన్సీ మొదలైన రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, చేతికొచ్చేది రెండేళ్ల కార్డు. దాని మీద సీఆర్1 అనో సీఆర్6 అనో ఉంటుంది. ఆ రెండేళ్లూ అయిపోయేముందు భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టి ఐ-751 ఫైల్ చేయాలి. మా కాపురం నిజమే, షరతు తీసేయండి అని అడగడమన్నమాట. నేనొచ్చిందీ ఈ దారినే. అందుకే ఇంట్లో ఎవరికి ఈ కార్డొచ్చినా ఫోన్ నాకే వస్తుంది.

ఈసారి చేసింది మా చిన్నాన్న కూతురు. కార్డు మార్చి 15తో అయిపోతుంది. సంక్రాంతికి తణుకు వెళ్లాలి. పెళ్లయ్యాక పుట్టింట్లో మొదటి పండగ, వాళ్ల నాన్నకు ఒంట్లో కూడా బాగుండటం లేదు. "ఫైల్ చేశాక దేశం దాటితే అప్లికేషన్ పోయినట్టేనట కదా అక్కా? అక్కడ మళ్లీ స్టాంపింగ్‌కి డేట్లే దొరకవట" అంది, ఏడుపు గొంతుతో.

రెండు మాటలూ నిజమే, కాకపోతే ఆమెకు వర్తించేవి కావు. మొదటిది గ్రీన్ కార్డుకు ఐ-485 వేసి ఎదురుచూసేవాళ్లది. వాళ్లకింకా గ్రీన్ కార్డు రాలేదు, అడ్వాన్స్ పెరోల్ అనే ప్రయాణ అనుమతి లేకుండా కదిలితే చాలామందికి దరఖాస్తు పోతుంది. రెండోది హెచ్-1బీ వాళ్లది. రెండేళ్ల కార్డున్నమ్మాయి అప్పటికే పర్మనెంట్ రెసిడెంట్. షరతు ఉండొచ్చు గానీ, హక్కులో పదేళ్ల కార్డుకూ దీనికీ తేడా లేదు. ఆమెకు స్టాంపింగూ లేదు, పెరోలూ లేదు. ఫైల్ చేసి వెళ్లొచ్చు, ఫైల్ పెండింగ్‌లో ఉండగానే తిరిగి రావచ్చు. ఆ సంగతి చెప్పేసరికి గొంతు కాస్త తేరుకుంది.

ఇక మిగిలింది తేదీల లెక్క. కార్డు గడువుకు ముందున్న 90 రోజుల్లోనే ఫైల్ చేయాలి. మార్చి 15 కార్డుకు ఆ కిటికీ డిసెంబరు 15న తెరుచుకుంటుంది. ముందే పంపితే తిప్పి పంపేస్తారు, ఆలస్యమైతే ఎందుకైందో గట్టి కారణం రాసివ్వాలి. మా చెల్లెలికి రెండు దారులున్నాయి. కార్డు మార్చి దాకా చెల్లుతుంది కాబట్టి జనవరిలో దాని మీదే వెళ్లొచ్చి ఫిబ్రవరిలో ఫైల్ చేయడం ఒకటి. డిసెంబరు మూడో వారంలోనే పంపేసి, రసీదు వచ్చాక విమానం ఎక్కడం రెండోది. నేను రెండోదే చెయ్యమన్నాను. నాన్నకు బాగోలేదని వెళ్తున్న అమ్మాయి చెప్పిన రోజుకు తిరిగొస్తుందని ఎవరు పూచీ? నిజానికి దేశంలో లేకపోయినా ఐ-751 ఫైల్ చేయొచ్చు, రూల్ ఒప్పుకుంటుంది. కానీ తణుకులో కూర్చుని డాలస్‌లో ఉన్న భర్త సంతకం కోసం, బిల్లుల కోసం కొరియర్లు నడపడం ఎవరికి కావాలి.

ఆ రసీదే అసలు వస్తువు. ఐ-797 అంటారు, ఇళ్లలో మాత్రం ఉత్త 'లెటర్'. కార్డు గడువు తీరినా ఫలానా కాలం దాకా చెల్లుతుందని అందులో ఉంటుంది. నా రోజుల్లో ఆ పొడిగింపు ఏడాదే. 2018లో 18 నెలలు చేశారు, 2021లో 24 నెలలు, 2023 జనవరి నుంచి 48 నెలలు. పొడిగింపు పెరుగుతోందంటే సంతోషించాల్సిన పనేం లేదు, ఫైళ్లు అంతగా పేరుకుపోతున్నాయని అర్థం. రెండేళ్ల షరతు తీయడానికి నాలుగేళ్ల గడువు ఇచ్చుకునే ఆఫీసు అది. ఫీజు మాత్రం 2024 ఏప్రిల్ నుంచి 750 డాలర్లు.

గడువు తీరిన కార్డు, ఆ లెటర్ ఒరిజినల్, పాస్‌పోర్టు. ఈ మూడూ కలిస్తేనే టికెట్టు పనిచేస్తుంది. వాషింగ్టన్‌లో ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలుసు. శంషాబాద్‌లో అర్ధరాత్రి కౌంటర్ దగ్గరున్న కుర్రాడికి తెలియకపోవచ్చు. నాకు అదే జరిగింది. కార్డు అటూ ఇటూ తిప్పి "మేడం, ఇది ఎక్స్‌పైర్ అయిపోయింది" అన్నాడు. లెటర్ తీసిచ్చాను. దాని మీద సంతకం లేదు, గుండ్రటి ముద్ర లేదు, ప్రింటర్లోంచి తీసిన మామూలు కాగితంలా ఉంది. మన దేశంలో పెరిగినవాడికి రబ్బరు స్టాంపు లేనిది కాగితమెలా అవుతుంది? అతణ్ణి తప్పుపట్టలేను. పత్రాలు సరిగా లేని మనిషిని ఎక్కించుకుపోతే అమెరికా జరిమానా వేసేది ఎయిర్‌లైన్‌కే. సూపర్‌వైజర్ కోసం వెళ్లాడు. నేను ట్రాలీ పక్కకు లాక్కుని నిలబడ్డాను. వెనక వరసలో ఉన్న పెద్దావిడ "ఏమైందమ్మా, వీసా లేదా?" అని గట్టిగా అడిగేసరికి అందరూ ఇటు తిరిగారు.

పని జరిపించింది వాదన కాదు. లెటర్‌లో పొడిగింపు అని ఉన్న వాక్యం మీద వేలు పెట్టి చూపించి, "మీ టిమాటిక్‌లో ఒకసారి చూడండి, కండిషనల్ రెసిడెంట్ అని" అన్నాను. టిమాటిక్ అంటే ఏ దేశానికి ఏ పత్రాలు కావాలో ఎయిర్‌లైన్ వాళ్లు చూసుకునే వ్యవస్థ. ఆ పేరు మన నోట వినగానే ఎదుటివాళ్ల ధోరణి మారుతుంది. అప్పట్నుంచీ ఎవరడిగినా మూడు గంటల ముందు కాదు, నాలుగు గంటల ముందు వెళ్లమంటాను. వీలుంటే అబుదాబి మీదుగా టికెట్టు తీసుకోమంటాను. 2014 నుంచి అక్కడే అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు కూర్చుంటున్నారు, పేచీ ఏదైనా ఉంటే అమెరికా విమానం ఎక్కకముందే తేలిపోతుంది. యూరప్ మీదుగా అయితే అక్కడి ట్రాన్సిట్ రూల్ విడిగా చూసుకోవాలి. గడువు తీరిన కార్డునూ లెటర్‌నూ కలిపి చదివే ఓపిక ప్రతి దేశానికీ ఉండదు.

ఊళ్లో లేనప్పుడు బయోమెట్రిక్స్ నోటీసు వస్తే? చాలామందికి పాత వేలిముద్రలే వాడేస్తున్నారు. ఒకవేళ రమ్మంటే ఆ తేదీలోపే మార్చమని అడగాలి. ఊరుకుంటే మాత్రం ఫైల్ వదిలేసుకున్నట్టు లెక్క. పోస్టాఫీసు వాళ్ల ఇన్ఫార్మ్‌డ్ డెలివరీలో చేరితే వచ్చే కవరు ఫొటో ముందే ఈమెయిల్‌కి వస్తుంది. పక్కింటివాళ్లకు మెయిల్‌బాక్స్ తాళం ఇచ్చి వెళ్లడం అంతకన్నా పాత పద్ధతి, అదీ పనిచేస్తుంది.

ఇదంతా ఫోన్లో పావుగంటలో తేలింది. తేలనిది ఫైలు. ఆ శనివారం వాళ్లింటికెళ్లి, ఏమేం కాగితాలున్నాయో తియ్యమన్నాను. పెళ్లి ఆల్బం తెచ్చింది. తర్వాత ఇంకో ఆల్బం, పెన్‌డ్రైవ్‌లో డ్రోన్ వీడియో. తలంబ్రాల ఫొటో పెళ్లయిందని చెబుతుంది, ఆ సంగతి ముంబై కాన్సులేట్ వాళ్లు వీసా ఇచ్చినప్పుడే ఒప్పుకున్నారు. ఇప్పుడు అడిగేది ఈ రెండేళ్ల కాపురం గురించి. దానికి కరెంటు బిల్లు కావాలి. తీశాం. చెల్లెలి భర్త, మా మరిది పేరు. అపార్ట్‌మెంట్ లీజు మరిది పేరు, పెళ్లికి ముందు తీసుకున్నదే, పొడిగిస్తూ వచ్చాడు. కారు మరిది పేరు, ఇంటర్నెట్ మరిది పేరు. జాయింట్ ఖాతా ఉందిగానీ తెరిచిన రోజు వేసిన రెండు వందలూ కదలకుండా ఉన్నాయి. జీతం పడేదీ సరుకులకు పోయేదీ వేరే ఖాతా. కంపెనీ ఇచ్చిన జీవిత బీమాలో నామినీ ఎవరని అడిగితే, మరిది లాప్‌టాప్ తెరిచి కాసేపు చూసి "అమ్మ" అన్నాడు. ఉద్యోగంలో చేరిన రోజు రాసింది, మళ్లీ ముట్టుకోలేదు.

అతను మంచివాడు. వంట చేస్తాడు, మామగారి మందులకు అడక్కుండానే డబ్బు పంపుతాడు. కానీ కాగితాల ప్రకారం ఆ ఇంట్లో పెళ్లాం లేదు. ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. నేను చూసిన ఫైళ్లన్నీ దాదాపు ఇలాగే మొదలయ్యాయి. అన్నీ మగవాడి పేరున ఉండటం మనకు తప్పుగా తోచదు, 'ఇద్దరం ఒకటేగా' అంటాం. ఆఫీసరుకు ఆ మాట చెల్లదు. ఫొటోల్లో భుజం మీద చెయ్యి కూడా వేసుకోకుండా నిటారుగా నిలబడే జంట మనది, కాపురానికి సాక్ష్యం ఇంకెక్కణ్ణుంచి వస్తుంది? ఈ షరతుల కార్డు పెట్టే నానా హైరానాలోనూ నాకు కనిపించే ఒకే ఒక్క మేలు, ఇంట్లో ఆడదాని పేరు కాగితం మీదకు రావడం. ఇమిగ్రేషన్ కోసమైతేనేం, వచ్చింది కదా.

మరిది ఆ మధ్యాహ్నమే కూర్చున్నాడు. కరెంటు కంపెనీకి ఒక్క ఫోన్‌తో పేరు చేరింది. లీజు ఆఫీసు సోమవారం రమ్మంది. జీతం జాయింట్ ఖాతాకు మార్చాడు. ట్యాక్సులు ఎలాగూ కలిపే వేశారు, ఐఆర్ఎస్ ట్రాన్స్‌క్రిప్టు దించుకుంటే సరిపోయింది. చివర్లో అన్నీ ఒక్క నెలలో మారితే అనుమానించరా అని అడిగాడు. మంచి ప్రశ్నే. అందుకే పెళ్లయిన మొదటి నెలలోనే చెయ్యాలి ఇవన్నీ. ఆలస్యంగా చేసినవాటిని దాచక్కర్లేదు, పాతవి ఏమున్నాయో వాటితో కలిపి పెట్టడమే. ఇద్దరూ కలిసి తిరిగిన టికెట్లు, ఆమె పేరున అదే అడ్రసుకు వచ్చిన హాస్పిటల్ బిల్లులు, వాళ్లిద్దర్నీ దగ్గర్నుంచి ఎరిగిన ఇద్దరు స్నేహితుల ప్రమాణపత్రాలు. నామినీ మాత్రం ఫోన్లో పంచాయితీ అయింది. "నా పేరు తీసేశాట్టగా?" అని తెనాలి నుంచి అత్తగారు. "సగం మీకే ఉంచారు అత్తయ్యగారూ" అంది మా చెల్లెలు. ఆ సగం మాట ముందు నాకే తెలీదు.

అసలు ఈ రెండేళ్ల కార్డు షరతు 1986 నాటిది. దొంగ పెళ్లిళ్లు ఎక్కువైపోయాయని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. నూటికి ముప్పై అలాంటివేనని అప్పటి ఇమిగ్రేషన్ శాఖ చెప్పుకొచ్చింది, తీరా చూస్తే ఆ లెక్కకు సరైన ఆధారమే లేదని తర్వాత బయటపడింది. చట్టం మాత్రం ఉండిపోయింది. దాని దెబ్బ తగిలింది దొంగలకన్నా ఎక్కువగా భర్త సంతకం కోసం నోరు మూసుకున్న ఆడవాళ్లకు. 1990లో దాన్ని కొంత సవరించారు. హింసకు గురైనవాళ్లు భర్త సంతకం లేకుండా ఒంటరిగా ఫైల్ చేయొచ్చు. నిజంగా కాపురం చేసి విడాకులైనవాళ్లూ చేయొచ్చు, భర్త పోయినవాళ్లూ చేయొచ్చు. వాళ్లు ఆ 90 రోజుల కిటికీ కోసం ఆగక్కర్లేదు కూడా. ఈ సంగతి మన అమ్మాయిల తల్లిదండ్రులకు పెళ్లినాడే తెలియాలని నా పట్టుదల. 'వాడు సంతకం పెట్టకపోతే నువ్వు వెనక్కొచ్చెయ్యాల్సిందే' అని బెదిరించిన అత్తింటివాళ్లు నాకు తెలుసు, అది నిజమని నమ్మిన అమ్మలూ తెలుసు.

అందుకే ప్రయాణం విషయంలో నాకో చాదస్తం ఉంది. కుటుంబం కాగితాలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఆయన బ్యాగులో వేయడం మనకు అలవాటు. ఆ ఫోల్డర్ నాకు నచ్చదు. పుట్టింటికి పంపినట్టు పంపి, పాస్‌పోర్టూ కార్డూ తీసుకుని ఒక్కడే విమానం ఎక్కేసిన భర్తల గురించి మన పేపర్లు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నాయి. ఢిల్లీలో జాతీయ మహిళా కమిషన్ 2009లోనే ఎన్‌ఆర్‌ఐ కేసులకు విడిగా సెల్ పెట్టాల్సి వచ్చింది. ఎవరి కార్డూ లెటరూ పాస్‌పోర్టూ వాళ్ల చేతిసంచిలోనే ఉండాలి, మంచి మొగుడైనా సరే. స్కాన్ కాపీలు ఆమె ఈమెయిల్లో, ఇంకో సెట్టు పుట్టింట్లో. కార్డు పోతే ఐ-131ఎ దరఖాస్తుతో కాన్సులేట్‌కు వెళ్లాలి, విమానం ఎక్కడానికి పాస్‌పోర్టులో బోర్డింగ్ ఫాయిల్ అంటిస్తారు. కాకపోతే దేశం వదిలి ఏడాది దాటకూడదు. ఏడాది దాకా ఎందుకు, ఆరు నెలలు దాటినా సిటిజన్‌షిప్ లెక్క చెడొచ్చు. నాన్నకు ఎక్కువ కాలం సేవ చేయాల్సి వస్తుందనుకుంటే బయల్దేరకముందే, అమెరికాలో ఉండగానే రీ-ఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి.

మరిదికి సెలవు దొరకలేదు, ఆమె ఒక్కతే వెళ్తోంది. ఫైలు డిసెంబరు 15 దాటాక పోస్టులో పడుతుంది, లెటర్ చేతికొచ్చాకే టికెట్టు కొంటానంది. భోగికి అందుకోలేకపోతే కనుమకైనా చేరుతుందట. వచ్చే ఏడాది ఆ రోజులకే ఇంకో కిటికీ తెరుచుకుంటుంది, సిటిజన్‌షిప్‌ది. సిటిజన్‌తో మూడేళ్ల కాపురం లెక్కన ఎన్-400 వేయొచ్చు, ఐ-751 అప్పటికీ తేలకపోతే తరచూ రెండూ కలిపి ఒకే ఇంటర్వ్యూలో చూస్తారు. అందాకా నెలనెలా కరెంటు బిల్లు ఆ ఫైల్లో వేస్తుండమన్నాను, ఈసారి ఇద్దరి పేర్లూ ఉన్నది.