పాచికలు ఎవరి చేతిలో?

జూదాన్ని గురించి మన రచయితలు ఎక్కువగా ఓడినవాణ్ణే నిలదీశారు. సభాపర్వంలో జూదాన్ని నన్నయ చెప్పాడు. అజ్ఞాతవాసం మొదలు యుద్ధం దాకా దాని పర్యవసానాన్ని మా నెల్లూరు తిక్కన చెప్పాడు. అక్కడ శకుని ఎదురుగానే కూర్చున్నాడు. నేటి శకుని కనబడడు.

మైపాడు తీరంలో నా విద్యార్థి ఒకడు, రొయ్యలు ఒలిచే తల్లి కూలిడబ్బుతో సెల్‌ఫోన్ ఆటలో మూతపెట్టెలు కొన్నాడు. లోపలేముందో డబ్బు కట్టాకగాని తెలియదు. ఏది ఎంత అరుదుగా రావాలో అమ్మేవాడే నిర్ణయిస్తాడు. 2018లో బెల్జియం జూదనియంత్రణ సంఘం కొన్ని ఆటల్లోని ఇలాంటి పెట్టెలను జూదమేనని తేల్చింది.

ఈ వస్తువు మీద కథ రాయబూనే మిత్రులకు నా మనవి: కుర్రవాడి వ్యసనం దగ్గరే ఆగకండి. పెట్టె అమ్మినవాడి లాభాన్ని లెక్కగట్టని కథ, ఎంత కన్నీరు పెట్టించినా, అర్ధసత్యమే.